యాప్ చేయించాం, లింకు అమ్మిపెట్టింది

2023 మే నెల. తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆవకాయ కలుపుతున్నారు. ఆవపిండి ఘాటుకి అందరం తుమ్ముతున్నాం. బజారు నుంచి వచ్చిన మామయ్య చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అడిగారు: “స్వీట్ల కొట్టు వాళ్ళకి కూడా యాప్ వచ్చిందంటమ్మా. మనకెప్పుడు?”

ఆ ప్రశ్నకి సమాధానం దొరికేసరికి మాకు రెండేళ్ళు, రెండు లక్షల చిల్లర పట్టింది.

మేం అత్తయ్య చేతి పచ్చళ్ళు, పొడులు అమ్ముతాం. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి, కందిపొడి, నల్లకారం. అప్పటికి వ్యాపారమంతా వాట్సాప్‌లోనే. ఆర్డరు అందులో, లెక్క నోటుబుక్కులో, డబ్బు కట్టినట్టు సాక్ష్యం యూపీఐ స్క్రీన్‌షాటు. మిగతా నెలల్లో ఫరవాలేదు గానీ మే, జూన్‌లలో తల తిరిగిపోయేది. ఒకాయన అడ్రసు వాయిస్ మెసేజీలో పెడతాడు, “రామాలయం పక్క సందు, ఎవర్నడిగినా చెప్తారు” అని. పిన్‌కోడ్ అడిగితే మర్నాడు చెప్తాడు. ఈలోపు కొరియర్ కుర్రాడు వెళ్ళిపోయి ఉంటాడు. 2019లో ఎవరో తెలిసినవాళ్ళతో ఒక వెబ్‌సైట్ చేయించాం కానీ దాన్ని నేనే తెరిచేదాన్ని కాదు.

మామయ్య పోరు పడలేక ఆ ఏడాది చివర్లో హైదరాబాద్ నుంచి ఒక ఏజెన్సీ వాళ్ళని పిలిపించాం. ఇద్దరు కుర్రాళ్ళు ల్యాప్‌టాప్ తెచ్చి, సోఫాలో కూర్చుని, “మేడం, కస్టమర్ జేబులో మీ బొమ్మ ఉండాలి” అన్నారు. మాట బాగుంది. ఇంకా చెప్పారు: వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు, యాప్ ఉంటే ఎంతమందికైనా నోటిఫికేషన్ ఉచితంగా పంపొచ్చు, వెబ్‌సైట్ అంటే జనం వచ్చి పోతారు, యాప్ అంటే ఉండిపోతారు. అప్పుడు నేను అడ్డు చెప్పానని ఇప్పుడు చెప్పుకోవాలనుంది కానీ చెప్పలేదు. నాకూ నచ్చింది. కాఫీ గ్లాసులు తీసుకెళ్తూ అత్తయ్య మాత్రం అంది, “మన దగ్గరికి ఏడాదికోసారేగా వస్తారు. మిగతా పదకొండు నెలలూ ఆ బొమ్మ వాళ్ళ జేబులో ఏం చేస్తుంది?” అందరం నవ్వాం. కుర్రాళ్ళు కూడా మర్యాదకి నవ్వారు.

యాప్ రాయడం ఒక ఎత్తు, దాన్ని ప్లే స్టోర్‌లోకి ఎక్కించడం ఇంకో ఎత్తు. ఏజెన్సీ వాళ్ళు ముందు తమ ఖాతాలోనే పెడతామన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. రేపు వీళ్ళతో చెడితే యాప్ వాళ్ళ దగ్గరే ఉండిపోతుందని ఆయన భయం. ఈ మొత్తం వ్యవహారంలో మేం తీసుకున్న మంచి నిర్ణయం అదొక్కటే అనుకుంటాను. 25 డాలర్లు కట్టి సొంత ఖాతా తెరిచాం. అది ఒక్కసారి కడితే చాలు. కంపెనీ పేరుతో తెరవాలంటే డన్స్ నంబరు అని కంపెనీలకిచ్చే గుర్తింపు సంఖ్య ఒకటి కావాలట, అదొచ్చేదాకా ఆగితే సీజను దాటిపోతుందని మా ఆయన పేరు మీద వ్యక్తిగత ఖాతా తీశారు.

అక్కడ తగిలింది మెలిక. 2023 నవంబరు 13 తర్వాత వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్ళు యాప్‌ని జనంలోకి వదలాలంటే, ముందు కనీసం 20 మందితో వరసగా 14 రోజులు పరీక్ష చేయించాలన్నది అప్పటి నియమం. ఇరవై మందేగా, మా చుట్టాల గ్రూపులోనే డెబ్బై మంది ఉన్నారు కదా అనుకున్నాను. “మీ జీమెయిల్ ఐడీ పంపండి” అని గ్రూపులో పెట్టాను. మొదటి జవాబు మా పెద్దమ్మది: “అదెక్కడుంటుందే?” రెండోది బాబాయిది: “ఫోన్ కొన్నప్పుడు షాపులో కుర్రాడు ఏదో పెట్టాడమ్మా, నాకు తెలీదు.” ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళమని, అక్షరం అక్షరం చదివించుకుని ఇరవై పోగుచేశాను. తొమ్మిదో రోజున మా పెద్దమామయ్య మనవడు ఇదేదో అక్కర్లేని గోల అనుకుని టెస్టులోంచి బయటికొచ్చేశాడు. పంతొమ్మిది అయ్యాం. లెక్క మళ్ళీ మొదటికి. తర్వాత 2024 డిసెంబరులో ఆ 20ని 12కి తగ్గించారని చదివి, మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇంకో వింత. యాప్‌కి ప్రైవసీ పాలసీ లింకు ఇవ్వాలి, అది వెబ్‌లో ఉండాలి. కస్టమర్ తన ఖాతా తీసేయమని అడగడానికి యాప్ లోపల ఒక దారి, బయట వెబ్‌లో ఒక పేజీ ఉండాలి. అంటే వెబ్‌సైట్ వద్దనుకుని యాప్ చేయించినా వెబ్‌సైట్ ఉండాల్సిందే. పాత సైటుకి దుమ్ము దులిపి ఆ రెండు పేజీలూ అందులో పెట్టాం.

2024 ఏప్రిల్ నెలాఖరుకి యాప్ వచ్చింది. సీసాల మూతల మీద, కొరియర్ డబ్బాల లోపల క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు అంటించాం. యాప్‌లో మొదటి ఆర్డరుకి యాభై రూపాయలు తగ్గింపు. జూన్ దాకా ఆరువందల చిల్లర మంది ఇన్‌స్టాల్ చేసుకున్నారు. మామయ్య రోజూ రాత్రి భోజనం దగ్గర “ఇవాళ ఎంతమంది?” అని అడిగేవారు, క్రికెట్ స్కోరు అడిగినట్టు. ప్లే స్టోర్ వాళ్ళు మనకి లెక్కలు చూపించే కన్సోల్‌లో దాని కిందే ఇంకో గీత ఉంటుంది, తీసేసినవాళ్ళ లెక్క. అది మామయ్యకి చెప్పేదాన్ని కాదు. ఆవకాయ చేతికందిన మర్నాడే చాలామంది యాప్ తీసేసేవాళ్ళు. ఆగస్టు వచ్చేసరికి డెబ్బై ఫోన్లలో మిగిలింది. అందులో ఇరవై మా టెస్టు చుట్టాలవే.

వాళ్ళని తప్పుపట్టలేను. నలుగురున్న ఇంటికి రెండు కిలోల ఆవకాయ ఏడాది వస్తుంది. నోటిఫికేషన్ ఉచితమే, కానీ ఇంట్లో జాడీ నిండా పచ్చడి ఉన్నవాడికి “ఆవకాయ రెడీ” అని వారం వారం పంపితే ఏం చేస్తాడు? ఆ యాప్ తీసేస్తాడు.

దానికంటే పెద్ద దెబ్బ ఇంకోచోట తగిలింది. మాకు బాగా కొనేది అమెరికా పిల్లలున్న ఇళ్ళు. ఎంచేది ఇక్కడి అమ్మ, డబ్బు కట్టేది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కూతురు. అదివరకు అమ్మ వాట్సాప్‌లో ఫొటో పంపేది, కూతురు మాకు మెసేజీ పెట్టేది. యాప్ వచ్చాక అమ్మ యాప్‌లో ఉన్న గోంగూరని కూతురికి పంపాలంటే ఏం వెళ్తుంది? ప్లే స్టోర్ లింకు వెళ్తుంది. కూతురి చేతిలో ఐఫోన్. అక్కడ మా యాపే లేదు. ఐఫోన్‌కి కూడా చేయిద్దామంటే యాపిల్‌కి ఏటా 99 డాలర్లు, ఏజెన్సీకి వేరే ఖర్చు. “యాపిల్ వాడు వందకి ముప్ఫై తీసుకుంటాడంట” అని మామయ్య ఎక్కడో విని వచ్చారు. అది డిజిటల్ సరుక్కి, పచ్చడి లాంటి వస్తువులకి కాదు అని చెప్పి ఆ భయం తీర్చాను కానీ, 99 డాలర్లు మాత్రం నిజమే.

ఆ శ్రావణంలో గుంటూరులో మా బంధువుల పెళ్ళి. విడిదింట్లో పిన్ని నా పక్కన చేరి “ఏదీ, నీ యాప్ నా ఫోన్లో పెట్టు” అంది. ఇన్‌స్టాల్ నొక్కాను. చోటు లేదంది. గ్యాలరీ తెరిచాను. గుడ్ మార్నింగులు. పూలు, దీపాలు, వెంకన్న, కాఫీ కప్పులు, “శుభోదయం” అని మెరిసే అక్షరాలు. వేలల్లో. “ఇవి తీసెయ్యనా?” అంటే “ఆ వెంకన్నని తియ్యకు” అంది. వెంకన్న ఎన్ని చోట్ల ఉన్నాడో ఆవిడకేం తెలుసు. ఏవో కొన్ని వీడియోలు తీసేస్తే చోటు దొరికింది. ఈసారి ప్లే స్టోర్ మళ్ళీ లాగిన్ అవ్వమంది. పాస్‌వర్డ్ అబ్బాయికి తెలుసట, అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు. ఇరవై నిమిషాలయ్యాక, పన్నీరు చల్లడానికి ఎవరో పిలిస్తే లేస్తూ అంది: “అమ్మాయ్, ఇదంతా ఎందుకు గానీ, అదేదో వాట్సాప్‌లో పెట్టు. నేను చూసుకుంటా. మా వాకింగ్ వాళ్ళకి కూడా పంపుతా.”

ఆ రోజు బంతిలో మా మరిది పక్కన కూర్చున్నాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. జరిగింది చెప్తే నవ్వి, “వదినా, ఈ తప్పు మీకంటే ముందు ఫ్లిప్‌కార్ట్, మింత్రా చేశాయి” అన్నాడు. వివరాలు తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. 2015 మార్చిలో ఫ్లిప్‌కార్ట్ తన మొబైల్ సైటు మూసేసి, ఫోన్‌లో తెరిచినవాళ్ళని యాప్‌కి పొమ్మంది. మే నెలలో మింత్రా ఏకంగా కంప్యూటర్ సైటు కూడా మూసేసింది. వాళ్ళ లెక్క వాళ్ళకుంది. జనం ఎటూ ఫోన్లలోనే కొంటున్నారు, యాప్‌లో అయితే ఎవరికేం కావాలో పసిగట్టడం సులువు. కానీ అప్పటికి జియో రాలేదు, డేటా ఖరీదు, ఫోన్లలో చోటు తక్కువ. ఒక చొక్కా చూడ్డానికి యాప్ దించుకోవాలంటే ఎంతమంది దించుకుంటారు? ఆ నవంబరులోనే ఫ్లిప్‌కార్ట్ ‘ఫ్లిప్‌కార్ట్ లైట్’ పేరుతో మొబైల్ సైటుని మళ్ళీ తెచ్చింది. యాప్‌లా నడిచే సైటు, హోమ్ స్క్రీన్ మీద బొమ్మ పెట్టుకోవచ్చు, నెట్ సరిగ్గా లేకపోయినా తెరుచుకుంటుంది. ఇలాంటివాటికి ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అని పేరు పుట్టిందీ ఆ ఏడాదే. పాత సైటు మీద గడిపినదానికి మూడు రెట్ల సమయం జనం ఇందులో గడిపారని, డేటా కూడా చాలా తక్కువ ఖర్చయిందని తర్వాత లెక్కలు వచ్చాయి. మింత్రా కంప్యూటర్ సైటు కూడా 2016 జూన్‌లో తిరిగొచ్చింది. వాళ్ళ దగ్గర బట్టలు ఏడాదికి ఎన్నోసార్లు కొంటారు. మా దగ్గర ఆవకాయ ఒక్కసారి.

అప్పటిదాకా నేను ‘యాపా, సైటా’ అన్నదాన్ని హోదా ప్రశ్నలాగే చూశాను. ఆ రాత్రి తెనాలి వస్తూ కారులో కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాను. మన కస్టమర్ ఏడాదికి ఎన్నిసార్లు వస్తాడు? ఎక్కడి నుంచి వస్తాడు? ఎంచేవాళ్ళు, డబ్బు కట్టేవాళ్ళు ఒకరేనా? ఆటో పిలిచే యాప్‌కి మనిషి ఎక్కడున్నాడో క్షణం క్షణం తెలియాలి, రోజూ తెరుస్తాడు, అది యాపే ఉండాలి. బ్యాంకుదీ అంతే. కానీ రోజూ ఎక్కే హైదరాబాద్ మెట్రో కూడా 2022 నుంచి వాట్సాప్‌లోనే టికెట్ ఇస్తోంది. 2025 జనవరిలో మన ప్రభుత్వం ‘మన మిత్ర’ అని వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టినప్పుడు మామయ్యకి చూపించాను. “అంటే వాళ్ళకీ యాప్ లేదా?” అన్నారు, కొంచెం తేరుకున్నట్టు.

సైటు బాగుచేయడానికి దసరా నుంచి సంక్రాంతి దాకా పట్టింది. మరిది శని, ఆదివారాలు వీడియో కాల్‌లో కూర్చునేవాడు. మొదట సైటు ఎంత తొందరగా తెరుచుకుంటుందో కొలిచే పేజ్‌స్పీడ్ పరీక్ష పెడితే అంతా ఎరుపే. పేజీలో ముఖ్యమైన బొమ్మ రెండున్నర సెకన్ల లోపు కనిపించాలట, మాది పదకొండు. కారణం వెతికితే, మొదటి పేజీలో అత్తయ్య ఆవకాయ కలిపే వీడియో ఒకటి దానంతటదే ఆడుతోంది. ఆవిడకి అది ఇష్టం. అయినా తీసేశాం. సీసాల ఫొటోలు కెమెరాలో ఎలా ఉన్నాయో అలాగే ఎక్కించారు, ఒక్కోటీ నాలుగు ఎంబీ. వాటిని కుదిస్తే నూరు కేబీకి దిగాయి, చూడ్డానికి తేడా లేదు. ఇంకోటి నేను ఊహించనిది: ఫాంటు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు కలిసి అక్షర రూపాలు చాలా ఉంటాయి కాబట్టి ఫాంటు ఫైలు ఇంగ్లిష్‌ది కంటే బాగా బరువు. పాత సైటు అందమైన తెలుగు ఫాంట్లు మూడు మోస్తోంది. ఒక్క పేరుకి మాత్రం ఒకటి ఉంచి, మిగతాదంతా ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంటుకే వదిలేశాం.

ఆర్డరు పేజీ మీద పదిహేను రోజులు పోట్లాడుకున్నాం. ముందు ఖాతా తెరవాలన్న షరతు తీసేశాం. ఫోన్ నంబరు గడి నొక్కితే అంకెల కీబోర్డే రావాలి. పిన్‌కోడ్ కొడితే ఊరు, జిల్లా వాటంతటవే నిండాలి. గుర్తులు చెప్పుకోవడానికి “రామాలయం పక్క సందు” గాళ్ళ కోసం వేరే గడి పెట్టాం. డబ్బు కట్టేచోట యూపీఐ ఐడీ టైపు చేయమనడం మానేసి, బటన్ నొక్కగానే వాళ్ళ ఫోన్‌లోని పేమెంట్ యాప్ తెరుచుకునేలా చేశాం. అన్నీ బాగున్నాయనుకున్నాక, ఒక సోషల్ మీడియా యాప్ నుంచి వచ్చినవాళ్ళకి మాత్రం డబ్బు దగ్గర ఆగిపోతోంది. వాళ్ళు మా సైటుని ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లో చూస్తున్నారు, అది బయటి పేమెంట్ యాప్‌ని తెరవనివ్వడం లేదు. “పైన మూడు చుక్కలు నొక్కి బ్రౌజర్‌లో తెరవండి” అని తెలుగులో ఒక పట్టీ పెట్టాం. మొరటు వైద్యమే, కానీ పనిచేసింది.

నేను అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఎవరికీ కనిపించనిదాని మీద. పిన్ని “వాకింగ్ వాళ్ళకి పంపుతా” అంది కదా, ఆవిడ పంపినప్పుడు అవతలివాళ్ళకి ఏం కనిపించాలి? పాత సైటు లింకు వాట్సాప్‌లో పెడితే నీలం రంగు గీత ఒకటి వచ్చేది, దాని వెనక ప్రశ్నార్థకాలు, శాతం గుర్తులు. చూస్తే దొంగ లింకులా ఉండేది. ఇప్పుడు ప్రతి పచ్చడికీ సొంత పేజీ, పొట్టి లింకు. పంపగానే కింద సీసా బొమ్మ, “గోంగూర పచ్చడి, అరకిలో” అని తెలుగులో పేరు, ధర. ఫొటో బరువెక్కువైతే ఆ బొమ్మ రాదు, అందుకని చిన్నది వేరేగా చేసిపెట్టాం. సీసా నిలువుగా ఉంటే వాట్సాప్ పెట్టెలో తల తెగిపోతోందని అత్తయ్య కనిపెట్టింది. అన్నం ముద్ద పక్కన పచ్చడి ఉన్న అడ్డ ఫొటో తీయించింది. నా ఫోన్‌కి నేనే నలభైసార్లు పంపుకుని చూసుకున్నాను.

2025 ఏప్రిల్‌లో పిన్నికి ఆవకాయ లింకు ఒకటి పంపాను. మర్నాటికి పదకొండు ఆర్డర్లు, ఎనిమిది మంది నాకు తెలియనివాళ్ళు. ఒకామె అడ్రసు విశాఖ, డబ్బు కట్టింది హైదరాబాద్ నుంచి. ఆ సీజన్‌లో నేను క్యూఆర్ స్టిక్కర్లు తీయలేదు, స్టిక్కరు స్కాన్ చేస్తే యాప్‌కి వెళ్ళే దారిని సైటుకి మళ్ళించానంతే.

యాప్ ఏమైందంటారా? చంపేద్దామనే అనుకున్నాను. ప్లే స్టోర్‌లో ఉంచాలంటే ఏటా కొత్త ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు మార్చాలి, ఆగస్టు నెలాఖరు గడువు, మార్చకపోతే కొత్త ఫోన్లవాళ్ళకి కనిపించదు. డెబ్బై మంది కోసం ఆ ఖర్చెందుకు? మా ఆయన ఇంకో లెక్క తీశారు. మా దగ్గర తెనాలి, గుంటూరు, విజయవాడల్లో ముప్ఫై దాకా కర్రీ పాయింట్లు, మెస్సులు సరుకు తీసుకుంటాయి. వాళ్ళు వారానికి రెండుసార్లు అడుగుతారు, ప్రతిసారీ అదే సరుకు: గోంగూర ఐదు కిలోలు, కందిపొడి మూడు. ఖాతా మీద నడుస్తుంది. రాత్రి పదకొండుకి కొట్టు కట్టేస్తూ ఫోన్ చేసేవాళ్ళు, పొద్దున్న మాకు అంకె గుర్తుండేది కాదు. పాత యాప్‌ని వాళ్ళకి మార్చాం. తెరవగానే పోయినసారి ఆర్డరు, దాని కింద “మళ్ళీ ఇదే” అని పెద్ద బటన్, పైన బాకీ ఎంతో. అంతే. ఇప్పుడు ముప్ఫై ఫోన్లలో ఉంది, ఒక్కరూ తీయలేదు. బాకీ అంకె ఎర్రగా కనిపిస్తోందని ఒక మెస్సాయన కోప్పడితే నలుపు చేశాం.

మామయ్య ఫోన్‌లో నేను క్రోమ్‌లో సైటు తెరిచి, ‘హోమ్ స్క్రీన్‌కి జోడించు’ నొక్కి, అత్తయ్య గీయించిన జాడీ బొమ్మ పెట్టి ఇచ్చాను. మొన్న బజార్లో స్వీట్ల కొట్టాయనకి దాన్నే తెరిచి చూపిస్తున్నారు. “ఇదిగోనండీ మా యాప్. ఎంత తొందరగా తెరుచుకుంటుందో చూడండి.” ఆయన తన ఫోన్‌లో కూడా పెట్టమన్నాడట. మామయ్యకి ఎలాగో తెలియక, లింకు పంపారు.